కాంచన జడలో కాంచన వెంట్రుకలే

పొద్దున లేవగానే కాంచన చేసే మొదటి పని దిండు మీద రాలిన వెంట్రుకలు ఏరుకోవడం. మొహం కడుక్కోకముందే దిండును కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టి ఒక్కొక్కటే తీస్తుంది. తీసినవాటిని రెండు వేళ్లకు చుట్టుకుంటుంది. ఇరవై ఆరేళ్లుగా మగ్గానికి కండెలు చుట్టిన చెయ్యి కాబట్టి ఆ ఉండ కూడా కండె మాదిరే బిగువుగా, ఒక్క పోగు బయటికి రాకుండా వస్తుంది. దాన్ని నూలు చిలపలు వచ్చే ప్లాస్టిక్ కవరులో వేసి మగ్గం వెనక మేకుకు తగిలిస్తుంది.

కాంచనకు నలభై నాలుగేళ్లు. తమిళనాడు గుడియాత్తంలో, లుంగీలు నేసే తెలుగువాళ్ల వీధిలో ఇల్లు. ముందు గదిలో రెండు గుంత మగ్గాలు, ఒకటి ఆమెది, ఒకటి భర్త లోగనాథన్‌ది. ఆ వీధిలో ఆడవాళ్లందరూ కండెలు చుడతారు. మగ్గం గుంతలో కాళ్లు పెట్టి లుంగీ దించేవాళ్లు నలుగురే. ఆ నలుగురిలో తానొకతెనని కాంచన ఎవరికీ గుర్తు చెయ్యదు. అవతలివాళ్లు మరిచిపోయేలా ఉంటే మాత్రం, మాటల్లో మగ్గం ప్రస్తావన ఎలాగో ఒకలాగ తెస్తుంది.

కవరులో వెంట్రుకలు దాచేది పిచ్చితో కాదు. నెలకొకసారి పరదరామి నుంచి అంజలై వస్తుంది. యాభై దాటిన మనిషి. నెత్తిన గంపలో స్టీలు సామాను, నడుముకు ఒక చిన్న తక్కెడ. ఇంటింటా ఆడవాళ్లు దువ్వెనలో వచ్చిన చిక్కు వెంట్రుకలు దాచి ఉంచితే, తూచి, దానికి తగిన గిన్నో గరిటో ఇచ్చిపోతుంది. కాంచన ఇంట్లో ఒకప్పుడు మూడు నెలల వెంట్రుకలకు ఒక టీ గ్లాసు వచ్చేది. పోయిన ఏడు ఆడి మాసానికి, అంటే ఆషాఢానికి, నెలకే ఒక గిన్నె వచ్చింది. దీపావళి నాటికి మూతతో సహా పప్పుల డబ్బా. లోగనాథన్‌కు ఇది చాలా సంతోషం కలిగించింది.

"ఇంకో రెండు నెలలు ఇట్లే పోయిందంటే ఇడ్లీ కుండ వస్తాది గదా?" అని భార్యను అడిగాడు.

"వస్తాది. నా చెయ్యి అట్లాంటిది" అంది కాంచన.

వస్తున్న సామాను ఎక్కడి నుంచి వస్తోందని ఇద్దరిలో ఒక్కరూ ఆలోచించలేదు.

జుట్టు గురించి వీధంతా వినేలా మాట్లాడే కాంచన ఇంకొక సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఏడాదిన్నరగా నెలసరి అయిదు రోజుల్లో ఆగడం లేదు. పది రోజులు, ఒక్కో నెల పన్నెండు. లుంగీ ముక్కలు మడతలు మడతలుగా పెట్టుకుని మగ్గం గుంతలో కూర్చునేది. మేడ మీద బట్టలు ఆరేయడానికి పోతే నడిమెట్టు మీద ఒకసారి కూర్చోవాల్సి వచ్చేది. కూతురు నివేదిత కాలేజీ నుంచి వస్తూ చూసి "ఏందమ్మా, మెట్ల మీద తపస్సా?" అని అడిగితే, "గాలి బాగుండాది ఈడ" అనేది. పని చేస్తున్నంతసేపూ ఒడిలో గుప్పెడు పచ్చి బియ్యం ఉండేవి. మగ్గం చప్పుడుకన్నా బియ్యం నమిలే చప్పుడే ఎక్కువగా ఉందని లోగనాథన్ ఎగతాళి చేసేవాడు.

ఆమె దాచడానికి కారణం ఉంది. కాంచన అమ్మకు ముప్పై ఎనిమిదో ఏట ఇట్లాగే అయింది. ఆసుపత్రికి పోయింది, గర్భసంచి తీసేశారు, మళ్లీ ఆమె మగ్గం గుంతలో దిగలేదు. తర్వాత ఇరవై ఏళ్లు గడప దగ్గర కూర్చుని అందరి నేతకూ వంకలు పెట్టింది. కాంచన దీని నుంచి లెక్క తేల్చుకుంది. డాక్టరు దగ్గరికి పోతే సంచి తీస్తారు. సంచి తీస్తే మగ్గం పోతుంది. మగ్గం పోతే మిగిలేది గడప. కాబట్టి డాక్టరు దగ్గరికి పోకూడదు. ఈ వయసులో ఆగిపోయే ముందు అందరికీ ఇట్లాగే అవుతుందని వీధిలో ఎవరో అంటే విని, అదే చాలనుకుంది.

మార్గళిలో, అంటే ధనుర్మాసంలో వచ్చినప్పుడు అంజలై కాంచన వెంట్రుకల ఉండను విప్పి తెల్లగుడ్డ మీద పరిచింది. చాలాసేపు చూసింది. ఒక వెంట్రుకను రెండు కొసలూ పట్టుకుని వెలుతురుకు పెట్టింది.

"కాంచనా, మీ నూలు లెక్కలోనే చెప్తా విను. రెండేండ్ల కింద నీ వెంట్రుక నలభై నంబరు. ఇప్పుడు నూరు నంబరు."

కాంచన మొహం వెలిగిపోయింది. నూలులో నంబరు పెరిగేకొద్దీ పోగు సన్నబడుతుంది. నలభై నంబరు లుంగీ రోజూ కట్టేది. నూరు నంబరు లుంగీ పెట్టెలో పెట్టి పెండ్లిళ్లకు తీసేది. గుడియాత్తంలో ఒకరి చేతిని నూరు నంబరు చెయ్యి అంటే అంతకు మించిన పొగడ్త లేదు. అంజలై అయిదారు సార్లు తల అడ్డంగా ఊపింది గాని, కాంచన దాన్ని మెచ్చుకోలు కిందే జమ కట్టుకుంది.

అన్నాల దగ్గర భర్తకు ఈ మాట చెప్పింది. లోగనాథన్ ముద్ద మింగి, "నూరు నంబరు చూసేదానికి బాగుంటాది. మగ్గం మీద ముందు తెగేది కూడా అదే" అన్నాడు.

"మీకు నెత్తిన ఏ నంబరూ లేదు గదా, అందుకే కడుపుమంట" అంది కాంచన. నిజంగానే ఆయనకు ముప్పై అయిదో ఏటనే తల మైదానమయింది.

పొంగల్ పండగ వెళ్లిన వారానికి బంధువుల ఇంట్లో సీమంతం జరిగింది. నివేదిత మేడ మీది నుంచి ఫోనుతో ఫోటో తీసింది. ఆడవాళ్లందరూ గాజులు తొడుగుతూ తలలు వంచి ఉన్నారు. ఫోటోలో అందరి పాపిళ్లూ గీతల మాదిరి కనిపిస్తే, ఒక పాపిడి మాత్రం బాట మాదిరి ఉంది. రెండు పక్కలా పల్చగా, నడుమ నున్నగా, ఎండ పడి మెరుస్తూ.

"ఈమె ఎవురు, పాపం?" అంది కాంచన ఫోను పట్టుకుని.

నివేదిత రెండు వేళ్లతో ఫోటోను పెద్దది చేసింది. చీర చూసి కాంచనే గుర్తుపట్టింది. తన చీర.

మగ్గం మీద ఒక పోగు తెగితే వెతికి ముడి వేసేదాకా ఊపిరి తీసుకోని మనిషి. తలలో తెగే ఈ పోగులకు ముడి ఎట్లా వెయ్యాలో మూడు రోజులు ఆలోచించింది. నివేదిత ఫోనులో వెతికి రకరకాల సీసాలు చూపించింది. ఉల్లిపాయ రసం రాస్తే ఇల్లంతా వంటిల్లయింది గాని జుట్టు ఆగలేదు. చివరికి నాలుగో రోజు అంజలైకి పెట్టాల్సిన కవరు తీసుకుని వేలూరు బస్సెక్కింది. అక్కడ లాంగ్ బజారు వెనక సందులో తంగవేలు అనే పెద్దాయన సవరాలు కడతాడు. నాటకాలవాళ్లకు, పెండ్లికూతుళ్లకు, మొక్కు తీర్చుకుని గుండుతో వచ్చిన ఆడవాళ్లకు. ఆయన ముందు కవరు బోర్లించింది.

"ఈ వెంట్రుకలతోనే కట్టాలప్పా. వేరేవాళ్లది ఒక్కటి కూడా కలపొద్దు."

తంగవేలు దువ్వి, చిక్కు తీసి, పొడుగు చూసి సరేనన్నాడు. తెల్లవి ఏరి పక్కన పడేస్తుంటే కాంచన ఆపింది.

"అవి ఉండనీ. పదికి ఒకటన్నా కలుపు."

"నలభై ఏండ్లుగా ఈ పని చేస్తా ఉండా. తెల్ల వెంట్రుక కావాలన్న మొదటి అమ్మ నువ్వే."

"అంతా నల్లగా ఉంటే ఎవురు నమ్ముతారు? నాకు కాలేజీకి పోయే కూతురుండాది" అంది.

ఆ సవరం మంచి పనితనం. కాంచన సొంత జుట్టుతో కలిపి అల్లితే ఎక్కడ ఏది మొదలయిందో ఆమెకే తెలిసేది కాదు. నడుము కిందికి దిగే జడ, నడుమ నడుమ నెరిసిన పోగులు. దొంగ జడ అనుకోవడానికి ఎవరికీ సందు దొరకలేదు. పాపిడి మీదికి పైట లాక్కుంటే సరిపోయేది. ఎవరైనా దొంగ జడ అని అన్నా ఆమె ఒప్పుకునేది కాదు కూడా. ఆ వెంట్రుకలు ఆమెవే. కొన్నాళ్లు బయటికి పోయి తిరిగి వచ్చాయి, అంతే.

వీధిలో ఆడవాళ్లు అడగడం మొదలుపెట్టారు. మొన్నటిదాకా పల్చబడుతున్న జుట్టు ఇట్లా ఎట్లా ఎగసిందని. నిజం చెప్పే ఉద్దేశం లేదు కాబట్టి కాంచన నూనె చెప్పింది. కొబ్బరి నూనెలో మందారం పూలు, కరివేపాకు, గుప్పెడు మెంతులు, సన్న సెగ మీద పచ్చివాసన పోయేదాకా. అది నిజానికి ఆమె అమ్మ కాచే నూనె, ఏ అపకారమూ లేనిది. వారం తిరిగేసరికి వీధిలో ఏ ఇంటి ముందు నిలబడినా అదే వాసన. అరుణాచలం గారి ఇంటి ముందు ఉన్న మందార చెట్టు పువ్వు కనబడకుండా బోడయింది. కాచడం తెలియనివాళ్లు సీసాలు పంపి కాచి ఇమ్మన్నారు. కాంచన కాచి ఇచ్చింది. నెలకు ఎంత పొడుగు వస్తుందని అడిగితే జానా బెత్తెడు లెక్కల్లో జవాబు కూడా చెప్పింది. ఎవరికన్నా జుట్టు రాలుతోందంటే, "నువ్వు సరిగా తినవు. మనసులో దిగులు పెట్టుకుంటావు. అదే కారణం" అని మందలించేది. ఈ మాటలు చెబుతూ మధ్యలో ఆయాసానికి ఆగి, రెండు బియ్యపు గింజలు నోట్లో వేసుకునేది.

శివరాత్రి వెళ్లాక, మాసి నెల చివర ఒక సోమవారం పొద్దున పదకొండు గంటలకు, మగ్గం మీద లుంగీ ముగించి, గుంతలోంచి లేచి, కాంచన అట్లాగే పక్కకు పడిపోయింది.

లోగనాథన్ తన మగ్గం వదిలి దూకి వచ్చి తల ఎత్తి ఒడిలో పెట్టుకోబోయాడు. తల ఒడిలోకి వచ్చింది. జడ చేతికి వచ్చింది. అరుపు విని వచ్చిన ఎనిమిది మంది ఆడవాళ్లు గడపలో నిలబడిపోయారు. భార్య స్పృహ తప్పి పడి ఉంది, భర్త చేతిలో మూరెడున్నర జడ వేలాడుతోంది. ఏది ముందు కింద పెట్టాలో ఆయనకు తెలియలేదు.

"అయ్యో, జడ ఊడొచ్చేసిందే!" అంది పక్కింటి ముసలమ్మ. నీళ్లు చల్లాలని అప్పటిదాకా ఎవరికీ తోచలేదు.

నీళ్లు చల్లాక కాంచన కళ్లు తెరిచింది. చుట్టూ చూసింది. భర్త చేతిలో ఉన్నది చూసింది.

"అది నాదే. కొన్నది కాదు" అంది.

ఆ తర్వాత, పొద్దున ఏమీ తినలేదని, అందుకే కళ్లు తిరిగాయని చెప్పింది. అందరూ నమ్మారు. ఎందుకంటే అప్పటికి ఎవరి దృష్టీ ఆమె ఒంటి మీద లేదు. ఆరు వారాలుగా మందారాలు కోసి కోసి నూనె రాసుకున్న తలల సంగతి ఏమిటన్నదే ప్రశ్న. సాయంత్రానికి నాలుగు సీసాలు గడప దగ్గరికి తిరిగి వచ్చాయి. మూడింటిలో నూనె ఇంకా సగం ఉంది.

గురువారం అంజలై వచ్చింది. వీధి మొదట్లోనే కథంతా విన్నది. గంప దించి, గడప మీద కూర్చుని, తక్కెడ మాత్రం తియ్యలేదు. లోగనాథన్ నూలు తీసుకురావడానికి పోయాడు. నివేదిత కాలేజీలో ఉంది.

"తూయవా అంజలక్కా?" అంది కాంచన కవరు తెచ్చి.

"ఈ తూరి తూయను. ఎన్ని దినాలు అయితా ఉండాది నీకు?"

"ఏంది?"

"తెలిసి అడగొద్దు నన్ను. పొన్నై నుంచి ఈడ దాకా ముప్పై ఊర్లలో వెంట్రుకలు తూస్తా ఉండా. ఇట్ల కుప్పలుగా పోసేవాళ్లు నేను చూసినంతలో రెండు రకాలే. ఒకటి, కాన్పయి మూణ్ణాలుగు నెలలు అయినవాళ్లు. నీకేమన్నా కాన్పయిందా?"

"ఛీ, ఏం మాటలక్కా! ఈ వయసులోనా?"

"అయితే నువ్వు రెండో రకం. నెత్తురు పోయేవాళ్లు."

కాంచన గడప అవతల ఎవరూ లేరని చూసుకుంది. చెప్పింది. పన్నెండు రోజులు, లుంగీ ముక్కలు, మెట్లు, బియ్యం, అమ్మ, గడప. మొదలు పెట్టాక ఆగలేదు. అంజలై మధ్యలో ఒక్కసారి మాత్రం, "నూరు నంబరు అన్నప్పుడే నీకు అర్థమయి ఉంటాదనుకున్నా" అంది. "పోగు పలచనయి తెగిపోతా ఉండాదని చెప్తే నువ్వు నవ్వితివి!"

"నేను సంచి తీయించుకోనక్కా. మగ్గం వదిలి నేను కూర్చోలేను."

"నిన్నెవురు తీయించుకోమన్నారు? నువ్వు దానికి పోవొద్దు. జుట్టు రాలతా ఉండాదని పో. నీ ఇంటాయన కూడా ఏమీ అడగడు. జుట్టుకు ఆడది ఎంత దూరం పోయినా ఎవురూ ఏమనరు."

కాంచనకు ఇది నచ్చింది. జుట్టు కోసం అయితే ఆమె వేలూరే కాదు, మద్రాసుకైనా పోతుంది.

తర్వాతి మంగళవారం భార్యాభర్తలు వేలూరులో పెద్దాసుపత్రికి పోయారు. మూడో అంతస్తులో చర్మం, జుట్టు చూసే విభాగం. కాంచన సవరం పెట్టుకునే వెళ్లింది, ఆసుపత్రికి బోసి తలతో పోతే ఏమనుకుంటారని. చేతి సంచిలో ఇంతవరకు రాసిన నూనెల పేర్లు నివేదిత తమిళంలో రాసిచ్చిన కాగితం. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. జుట్టును ఒక్క నిమిషం చూసింది. కాగితం చదవలేదు. ఆ తర్వాత కింది కనురెప్ప లాగి చూసింది, గోళ్లు చూసింది, నాలుక చూసింది. జుట్టుకు వస్తే మిగతావన్నీ చూస్తోందేమిటని కాంచనకు కొంచెం కోపం వచ్చింది.

"పచ్చి బియ్యం తినే అలవాటుందా?" అని తమిళంలో అడిగింది డాక్టరు.

లోగనాథన్ పెద్దగా నవ్వాడు. తన ఇంటి గోడకు కన్నం పెట్టి లోపలికి చూసిన మనిషిని చూసినట్టు కాంచన డాక్టరును చూసింది.

"నెలసరి ఎట్లా ఉంది?"

"అంతా సరిగ్గా ఉండాది."

డాక్టరు వాదించలేదు. రక్త పరీక్ష రాసింది. మధ్యాహ్నం కాగితం వచ్చింది. హిమోగ్లోబిన్ ఆరు పాయింట్ రెండు.

"పన్నెండు ఉండాలి" అంది డాక్టరు. "మీరు ఇక్కడికి మెట్లెక్కి వచ్చారా?"

"అవును."

"ఇంక ఎక్కకండి. జుట్టుకు నేను ఇచ్చే మందు ఏమీ లేదు. శరీరానికే నెత్తురు చాలకపోతే జుట్టు దాకా ఏం వస్తుంది? పచ్చి బియ్యం నమలాలనిపించేది కూడా అందుకే. నెత్తురు ఎటు పోతోందో అది చెప్పండి నాకు."

కాంచన భర్త వైపు చూసింది. బయటికి పోండి అనడానికి నోరు తెరిచింది గాని, ఆయన అప్పటికే కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. ఆయన ముందే చెప్పాల్సి వచ్చింది. ఏడాదిన్నర అని ఆమె అన్నప్పుడు లోగనాథన్ వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకున్నాడు. రెండు చేతులూ చాలలేదు.

చక్రాల కుర్చీలో కింది అంతస్తుకు, ఆడవాళ్ల విభాగానికి పంపారు. స్కాన్ తీశారు. గర్భసంచిలో రెండు గడ్డలు, ఒకటి నిమ్మకాయంత. ప్రాణం తీసే రకంగా కనబడటం లేదని, నెత్తురు తీసే రకమని అక్కడి పెద్ద డాక్టరు చెప్పింది. కాంచన వెంటనే, సంచి తీయించుకోనని ప్రకటించింది.

"ఆరు పాయింట్ రెండుతో మిమ్మల్ని ఎవరూ బల్ల మీదికి ఎక్కించరు. మీరు బతిమాలినా తియ్యం" అంది డాక్టరు. "ముందు నెత్తురు నింపాలి. పోయేది తగ్గించడానికి మాత్రలు ఇస్తాను. మూడు నెలలు చూద్దాం. పది దాటి, పోవడం అదుపులోకి వస్తే మాత్రలతోనే నడుపుకుందాం. దాటకపోతే ఆపరేషన్ గురించి మాట్లాడుకోవాలి."

"తీస్తే మగ్గం నేయకూడదు గదా?"

"ఎవరన్నారు? రెండు మూడు నెలలు ఆగి మళ్లీ నేసుకోవచ్చు."

కాంచన ఈ ప్రశ్న మూడుసార్లు అడిగింది, మూడు రకాలుగా. మూడుసార్లూ అదే జవాబు వచ్చింది. మరి అమ్మ ఎందుకు మళ్లీ గుంతలో దిగలేదో అప్పుడు ఆలోచించింది. గడప దగ్గర కూర్చుని అందరికీ వంకలు పెట్టడం అమ్మకు మగ్గంకన్నా ఎక్కువ నచ్చి ఉండాలి.

రెండు రోజులు ఉంచుకుని నెత్తురు ఎక్కించారు. తర్వాత వారానికొకసారి వచ్చి ఇనుము మందు సెలైన్‌లో ఎక్కించుకోవాలన్నారు. ఇంటికి పోయే బస్సులో కాట్పాడి దాటాక లోగనాథన్ నోరు విప్పాడు.

"నాకెందుకు చెప్పలేదు?"

"మీరు నన్ను అడిగింది ఇడ్లీ కుండ గురించి."

గుడియాత్తంలో దిగేటప్పుడు ఆయన మందుల చీటీ ఆమె చేతిలోంచి తీసుకుని తన జేబులో పెట్టుకున్నాడు. ఆ మరునాటి నుంచి ఆడవాళ్ల ఆరోగ్యంలో పండితుడయ్యాడు. అన్నం తిన్న గంట దాకా టీ తాగకూడదని డాక్టరు చెప్పిన మాటను పట్టుకుని గడియారం ముందు కాపలా కూర్చున్నాడు. రోజుకు ఆరు టీలు తాగే కాంచనకు నెత్తురు తక్కువయినప్పటికన్నా టీ తక్కువయినప్పుడే ఎక్కువ నీరసం వచ్చింది. ఎదురింటి మునగచెట్టు ఆకు దూసి తెచ్చి ఆయనే కూర వండాడు. మొదటి రోజు ఉప్పు మరిచాడు. రెండో రోజు రెండు రోజుల ఉప్పు వేశాడు. ఒడిలో బియ్యం కనబడితే లాక్కునేవాడు. ఆరో వారానికి లాక్కోవడానికి ఏమీ లేకుండా పోయింది. పచ్చి బియ్యం తినాలని ఆమెకు ఇంక అనిపించడం లేదు. అది ఎప్పుడు పోయిందో ఆమెకే తెలియలేదు.

వైకాసి నెల చివర, జూన్‌లో ఒక పొద్దున అద్దంలో చూసుకుంటే నుదుటి దగ్గర చిన్న చిన్న వెంట్రుకలు పైకి లేచి నిలబడి ఉన్నాయి, కొత్త టూత్ బ్రష్ మాదిరి. నూనె రాసి అణచబోయింది. అణగలేదు. నివేదిత వాటిని ఫోటో తీసింది. ఈసారి కాంచన ఫోను లాక్కుని రెండు వేళ్లతో పెద్దది చేసుకుని మరీ చూసుకుంది.

ఆ వారంలోనే ఆరోగ్య కేంద్రం నర్సు కలైవాణి వీధికి వచ్చింది. రక్తహీనత పరీక్ష అని తమిళంలో రాసిన కాగితం నేత సంఘం గోడకు అంటించడం ఇది మూడోసారి. మొదటిసారి ఇద్దరు వచ్చారు, రెండోసారి ఒకతె. ఆ ఒకతె కూడా చిరునామా అడగడానికి వచ్చింది.

"ఎవురికీ నెత్తురు తక్కువ లేదమ్మా ఈ వీధిలో" అంది కాంచన. "ఉన్నా ఒప్పుకోరు. ఆ కాగితం చించేసి, జుట్టు రాలేవాళ్లకు పరీక్ష అని రాయి."

"అట్లా అబద్ధం ఎట్లా రాసేది అక్కా?"

"అబద్ధం యాడుండాది? నేను జుట్టుకే పోయినా. నన్ను చూపించు."

కలైవాణి కింద చిన్న అక్షరాలతో రక్త పరీక్ష అని, పైన పెద్ద అక్షరాలతో జుట్టు ఎందుకు రాలుతుంది అని రాసింది. కాంచన ఇంటింటికీ పోయి చెప్పింది. మందారం నూనె సంగతి ఎత్తి దెప్పినవాళ్లకు, "ఆ నూనె మంచిదే. ఎక్కాల్సిన తలలో నెత్తురు లేక ఎక్కలేదు" అని చెప్పింది. వాళ్లకూ తనకూ కలిపి చెప్పుకున్నట్టు ఉంది గాని, అంతకన్నా క్షమాపణ ఆమె దగ్గర దొరకదు.

శనివారం పది గంటలకు సంఘం హాలు ముందు ఇరవై తొమ్మిది మంది ఆడవాళ్లు నిలబడ్డారు. అందులో ఎక్కువమంది సీమంతానికో కల్యాణానికో వచ్చినట్టు తల దువ్వుకుని వచ్చారు. కలైవాణి బల్ల మీద వేలు పొడిచి చూసే చిన్న యంత్రం పెట్టుకుంది.

మొదట కూర్చున్నది కాంచన. డాక్టరు చెప్పిన మూడు నెలలు ఆ వారంతోనే నిండుతున్నాయి. సవరం లేదు. ఉన్న జుట్టునే పిలక జడ వేసుకుంది. వేలు పొడిపించుకుని యంత్రం వైపు చూడకుండా గోడ మీది క్యాలెండర్ వైపు చూసింది. పోయిన నెలలో అయిదు రోజులకే ఆగింది, ఈ నెల ఆరు. మెట్లు ఆగకుండా ఎక్కుతోంది. అయినా పది అనేది పది.

"ఎంతొచ్చింది, చెప్పేయ్" అంది.

"పది పాయింట్ నాలుగు" అంది కలైవాణి.

కాంచన వరుస వైపు తిరిగి ఆ అంకె రెండుసార్లు గట్టిగా చెప్పింది, నేసిన లుంగీ కొలత చెప్పినట్టు. ఆ తర్వాత కుర్చీ పక్కకు జరుపుకుని కూర్చుని, వచ్చినవాళ్లను ఒక్కొక్కరినీ, చెవి దగ్గర నోరు పెట్టి, ఎన్ని దినాలు అయితా ఉండాదని అడగడం మొదలుపెట్టింది. కొందరు నవ్వారు. కొందరు తెలిసి అడగొద్దన్నారు. చాలామంది చెప్పారు.

మధ్యాహ్నం ఒంటిగంటకు కలైవాణి పుస్తకం మూసింది. ఇరవై తొమ్మిది మందిలో పదికి లోపు పద్దెనిమిది మంది. ఏడుకి లోపు ఇద్దరు. ఆ ఇద్దరినీ కాంచన గురువారం ఆరూ నలభై బస్సుకు వేలూరు తీసుకుపోతోంది. ఇంట్లో జుట్టుకని చెప్పమంది.